‘అందరూ పెంచుతారు’: ఆ అందరూ ఎవరు?

స్త్రీల ఉన్నత విద్య గురించి జరిగే సదస్సుల్లో నాకు తరచు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. “మీ ఆదివాసీ సమాజాల్లో పిల్లల్ని ఊరంతా కలిసి పెంచుతుంది కదా, మీకు క్రెష్‌ల అవసరం ఏముంటుంది?” అని. అడిగేవాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు. చాలామంది స్త్రీవాదులు, నాకు పాఠాలు చెప్పినవాళ్లు, నాతోపాటు పరిశోధన చేసినవాళ్లు. మైదాన ప్రాంతపు చిన్న కుటుంబం తల్లిని నాలుగు గోడల మధ్య ఎంత ఒంటరిని చేసిందో తెలిసినవాళ్లు. ఆ ఒంటరితనానికి విరుగుడు ఎక్కడో కొండల్లో ఉందని నమ్మాలని వాళ్లకి ఉంటుంది. ఆ నమ్మకాన్ని గట్టిగా కాదనడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. ఎందుకంటే ఆ నమ్మకం చాలా చవకైనది. ప్రభుత్వానికి, విశ్వవిద్యాలయానికి, ఇంట్లోని మగవాడికి అది ఒక్క రూపాయి ఖర్చు కూడా తేదు. ఖర్చంతా ఇంకొకరు పెడుతుంటారు. వాళ్లెవరో మనం అడగం.

నేను చదివింది సాహిత్యం. వాక్యం ఎదురైతే కర్త ఎవరని వెతకడం అలవాటైపోయింది. ‘ఊరంతా’, ‘అందరూ’ అనే మాటలకి తెలుగులో లింగం లేదు, వయసు లేదు. మా ఊళ్లో పిల్లల్ని ఎత్తుకునే చేతులకి మాత్రం రెండూ ఉన్నాయి. అవి అమ్మమ్మ, నాయనమ్మల చేతులు. అవి ఎనిమిది నుంచి పన్నెండేళ్ల మధ్య వయసున్న ఆడపిల్లల చేతులు. మగవాళ్లు బిడ్డల్ని ముట్టుకోరని అనను. సాయంత్రం పూట ఎత్తుకుంటారు, భుజాన వేసుకుని సంతకి తీసుకువెళ్తారు. కానీ పసిబిడ్డ కోసం పగలంతా పని వదులుకుని కూర్చున్న మగవాణ్ణి మా కొండల్లో నేను చూడలేదు. విశాఖపట్నంలోనూ చూడలేదు.

మాది డుంబ్రిగుడ మండలంలో ఒక చిన్న పల్లె. మా ఇంటి భాష ఆదివాసీ ఒడియా. నన్ను మోసింది మా అక్క. అమ్మ పొలానికో అడవికో వెళ్తే అక్క నన్ను గుడ్డతో వీపుకి కట్టుకుని బడికి వెళ్లేది. నేను ఏడిస్తే బయటికి వచ్చేసేది. కొన్నాళ్లకి బయటే ఉండిపోయింది. ఆమె చదువు ఐదో తరగతితో ఆగింది. నా చదువు డాక్టరేట్ దాకా వెళ్లింది. ఈ రెండు వాక్యాల మధ్య ‘అందువల్ల’ అనే మాటని ఎవరూ పెట్టరు. నేను పెడుతున్నాను.

పిల్లలు పుట్టాక మళ్లీ చదువుకి వెళ్లే స్త్రీలు మా ప్రాంతంలో ఎవరో కొంచెం చెప్పాలి. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో అరకులోయ, పాడేరు లాంటి చోట్ల ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు ఉన్నాయి. ఎం.ఏ.కో, పరిశోధనకో వెళ్లాలంటే ఇప్పటికీ చాలామందికి దిక్కు విశాఖపట్నమే. అరకు నుంచి సుమారు 115 కిలోమీటర్లు, అందులో సగం ఘాట్ రోడ్డు. మా దగ్గర చాలామంది అమ్మాయిలకి ఇంటర్ అవుతూనే, ఒక్కోసారి అవకుండానే పెళ్లవుతుంది. ఒక బిడ్డ పుట్టాక, ఆ బిడ్డకి ఏడాది వచ్చాక, మళ్లీ చదువుకోవాలనే కోరిక లేస్తుంది. అది ఊరికే లేచిన కోరిక కాదు. 2000లో వచ్చిన జీవో 3 షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నిటినీ స్థానిక ఆదివాసులకే కేటాయించింది. వాటిలో మూడో వంతు స్త్రీలకి. ‘టీచరమ్మ’ కావడమనే కల ఆ జీవోతోనే మా గూడేల్లోకి వచ్చింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కల అలాగే ఉంది, దారి ఇరుకైంది. ఇంతకుముందు సరిపోయిన చదువు ఇప్పుడు సరిపోదు. ఇంకా చదవాలి, ఇంకా మార్కులు రావాలి, బిడ్డ తల్లయినా సరే.

అలా బయలుదేరిన ఆమెకి ఎదురయ్యే మొదటి ప్రశ్న “ఏం చదువుతావు?” అని కాదు. “బిడ్డని ఎవరి దగ్గర పెడతావు?” అని. అత్తగారు అడుగుతుంది, కాలేజీలో అడ్మిషన్ గుమాస్తా అడుగుతాడు, పాఠం చెప్పే మేడమ్ అడుగుతుంది. అదే ఏడాది బి.ఎడ్.లో చేరిన ఆమె భర్తని ఈ ప్రశ్న ఒక్కరూ అడగరు. అతనికీ అదే బిడ్డ.

ఈ ప్రశ్నకి జవాబు వెతకడాన్ని మనం ‘ఎంపిక’ అంటున్నాం. ఎన్నుకోవడానికి ఆమె ముందు నిజంగా ఏమున్నాయో చూద్దాం.

మొదట అమ్మమ్మో నాయనమ్మో. ఈ మాట వినగానే మనకి తెల్లజుట్టుతో అరుగు మీద కూర్చుని కథలు చెప్పే ముసలమ్మ కనిపిస్తుంది. మా కొండల్లో అమ్మమ్మకి నలభై, నలభై అయిదేళ్లు. పదిహేడేళ్లకి పెళ్లయినామె, పద్దెనిమిదేళ్లకి పెళ్లయిన కూతురు. ఆమె ఇంట్లో అందరికంటే ఎక్కువ పని చేసే మనిషి. వర్షాలకి వరి నాట్లు, చోళ్లు. నవంబరు నుంచి జనవరి దాకా కాఫీ పండ్ల కోత. మాఘం దాటితే చింతపండు, అడ్డాకులు. కాఫీ పండు కొమ్మ మీద ఆగదు. పండినప్పుడు కోయాలి, లేకపోతే రాలుతుంది. కాలేజీ సెమిస్టర్ పరీక్షలు తరచు ఆ రోజుల్లోనే వస్తాయి. కూతురు పరీక్ష రాయాలంటే తల్లి తోటకి వెళ్లడం మానాలి. మానితే ఆ ఏడాది చేతికొచ్చే నగదు తగ్గుతుంది. అంటే అమ్మమ్మ ఒడి ఉచితం కాదు. దాని ధర ఒక కాఫీ కోత. ఆ ధర కట్టలేని ఇంట్లో లెక్క ఇంకోలా సాగుతుంది: అమ్మమ్మ పని మానితే నష్టం, తల్లి చదువు మానితే నష్టం, పదేళ్ల పిల్ల బడి మానితే? అది నష్టంగా ఎవరికీ కనిపించదు. ఎవరి సమయానికి డబ్బు విలువ లేదో వాళ్ల చేతికే బిడ్డ వెళ్తుంది.

‘అందరూ పెంచుతారు’ అనే మాట లోపల జరిగేది ఇది. ఇందులో ఆప్యాయత లేదని అనడం లేదు. మా అక్క నన్ను ప్రేమతోనే మోసింది. కానీ ప్రేమతో చేసిన పనికి బడి పోగొట్టుకోనక్కర లేదు. ఇంటిచాకిరీ ప్రేమ పేరుతో జరిగినా అది శ్రమేనని మైదానపు ఇల్లాలి విషయంలో మనం ఎంతో రాశాం. కొండపిల్ల విషయంలో మాత్రం అదే శ్రమని సంస్కృతి అంటున్నాం.

ఇక అంగన్‌వాడీ. ఐ.సి.డి.ఎస్. పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. ఆరేళ్ల లోపు పిల్లలందరూ దాని లెక్కలో ఉన్నారు. కానీ కేంద్రంలో కూర్చోబెట్టుకుని ఆడించి, పాడించి, అక్షరాలు చెప్పేది మూడేళ్లు దాటిన పిల్లలకే. మూడేళ్ల లోపు బిడ్డకి తూకం, టీకా, ఇంటికిచ్చే పోషకాహారం. అంటే తల్లికి ఏ వయసు బిడ్డతో అందరికంటే ఎక్కువ సాయం కావాలో ఆ వయసు బిడ్డకి పగటిపూట చోటు లేదు. పైగా కొండ మీద రెండు మూడు గూడేలకి కలిపి ఒక కేంద్రం ఉంటే, వానాకాలం వాగు దాటించి బిడ్డని దింపి మళ్లీ కాలేజీ బస్సు అందుకోవడం ఎవరికైనా సాధ్యమా?

మూడోది పట్నం. తల్లి బిడ్డని వెంట తీసుకువెళ్లి, గది అద్దెకి తీసుకుని, ఆయాని పెట్టుకోవడం. నేను అదే చేశాను. నేను పరిశోధన చేసిన విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థినుల హాస్టల్లోకి పిల్లలకి అనుమతి లేదు. అర్జీ పెట్టుకుంటే, “ఊళ్లో మీ అమ్మగారు లేరా?” అని అడిగారు. అంత పెద్ద సంస్థకి తోచిన శిశు సంరక్షణ విధానం మా అమ్మే. ఫెలోషిప్‌లో సగం గది అద్దెకి, ఆయాకి పోయేది. ఆ ఆయా కూడా కొండ దిగి వచ్చినామే. ఆమె కొడుకు ఊళ్లో వాళ్లమ్మ దగ్గర ఉండేవాడు. నా బిడ్డని ఆమె చూస్తే, ఆమె బిడ్డని ఆమె తల్లి చూస్తే, ఆ తల్లి పనిని ఇంకో ఆడపిల్ల అందుకుంటే, ఈ వరసలో ఎక్కడా ప్రభుత్వం లేదు, విశ్వవిద్యాలయం లేదు, మగవాడు లేడు. ప్రతి మెట్టు మీదా ఒక స్త్రీ తనకంటే కింద ఉన్న స్త్రీ సమయాన్ని తీసుకుంటోంది. చివరి మెట్టు మీద ఒక చిన్నపిల్ల ఉంది.

పట్నపు ఏర్పాటులో ఇంకొక నష్టం కూడా ఉంది. మా అమ్మాయి మూడేళ్లకి ఊరికి వచ్చినప్పుడు అమ్మమ్మ అడిగినదానికి తెలుగులో జవాబు చెప్పింది. అమ్మమ్మ నవ్వి ఊరుకుంది. పిల్లల సంరక్షణ ఎవరి చేతిలో ఉంటే పిల్లల మొదటి భాష వాళ్లదే అవుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఎనిమిది ఆదివాసీ భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టినప్పుడు మన ప్రాంతపు కువి, కొండ, ఆదివాసీ ఒడియా భాషలకి పాఠ్యపుస్తకాలు వచ్చాయి. మంచి పనే. కానీ పుస్తకం చేతికి వచ్చేది ఆరో ఏట. భాష చేజారేది మూడో ఏట. కువి మాట్లాడే తల్లి బి.ఎడ్. చదవాలంటే బిడ్డ కువి మరిచిపోవాలా? దీన్ని కూడా మనం ఎంపిక అనే అంటామా?

నాలుగోది వాయిదా. “పిల్లలు కాస్త పెద్దవాళ్లయ్యాక చదువుకోవచ్చు”, “దూరవిద్య ఉందిగా” అని. 1982లో మన రాష్ట్రంలోనే దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. దాని వల్ల ఎందరో స్త్రీలు డిగ్రీలు అందుకున్నారు, నేను కాదనను. అయితే దూరవిద్య ఇంటిని మార్చదు, చదువునే ఇంట్లోకి తెస్తుంది. పగటి పనులన్నీ అయ్యాక మిగిలిన రాత్రిని ఆమెకిచ్చి ఇక చదువుకోమంటుంది. గ్రంథాలయం, స్నేహితులు, వాదన, మధ్యాహ్నం చెట్టు కింద కూర్చుని ఏ పనీ లేకుండా ఆలోచించే గంట ఆమెకి రావు. పైగా అన్ని చదువులూ దూరం నుంచి రావు. బి.ఎడ్.కి ఎన్.సి.టి.ఇ. నిబంధనల ప్రకారం తరగతుల్లో 80 శాతం, బడుల్లో చేసే శిక్షణలో 90 శాతం హాజరు ఉండాలి. బిడ్డకి జ్వరం వస్తే ఆ లెక్కలో మినహాయింపు రాయలేదు.

చట్టం తల్లిని ఎలా చూస్తుందో కూడా గమనించాలి. 1948 ఫ్యాక్టరీల చట్టం నిర్ణీత సంఖ్యకి మించి స్త్రీలు పనిచేసే చోట పిల్లల గది ఉండాలంది. 1951 ప్లాంటేషన్ కార్మికుల చట్టం తోటల్లో క్రెష్ ఉండాలంది. 2005 ఉపాధి హామీ చట్టం, పనిచోట ఆరేళ్ల లోపు పిల్లలు అయిదుగురు ఉంటే ఒక స్త్రీని వాళ్లని చూసే పనికే పెట్టి ఆమెకి కూలి ఇవ్వాలంది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణ 50 మంది లేదా అంతకంటే ఎక్కువమంది ఉద్యోగులున్న సంస్థలో క్రెష్ తప్పనిసరి చేసింది. 2025 నవంబరులో అమలులోకి వచ్చిన కార్మిక కోడ్‌లలోనూ లెక్క ఉద్యోగులదే. ఇవి ఎంతవరకు అమలయ్యాయన్నది వేరే సంగతి. కనీసం కాగితం మీద, మట్టి తవ్వే తల్లికి, యంత్రం దగ్గర నిలబడ్డ తల్లికి ఒక గది గుర్తుంచుకున్నారు. పుస్తకం ముందు కూర్చున్న తల్లి ఏ చట్టానికీ కనబడలేదు. 2006లో వచ్చిన జాతీయ క్రెష్ పథకం పేరులోనే ‘ఉద్యోగినులైన తల్లుల పిల్లలకి’ అని ఉంది. చదువు పని కాదన్నమాట. తల్లి చదువు అసలే కాదు.

మన రాష్ట్రంలో పథకాలకి అమ్మ పేరు పెట్టడంలో మాత్రం లోటు లేదు. 2020లో ‘అమ్మ ఒడి’ వచ్చింది, 2025లో ‘తల్లికి వందనం’ వచ్చింది. రెండూ పిల్లల్ని బడికి పంపే తల్లి ఖాతాలో డబ్బు వేసే పథకాలు. ఆ డబ్బు విలువ మా ఊళ్లో నాకు తెలుసు, దాన్ని తక్కువ చేయను. కానీ రెండింటిలోనూ తల్లి ఇంకొకరి చదువుకి కాపలాదారే. తల్లే విద్యార్థిని కావచ్చని ఏ పథకం పేరూ ఊహించలేదు.

విశ్వవిద్యాలయాలు ఏమీ చేయలేదా అంటే సెలవు ఇచ్చాయి. యు.జి.సి. 2016 నిబంధనలు పరిశోధక విద్యార్థినులకి 240 రోజుల ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇచ్చాయి, 2022 నిబంధనలూ దాన్ని ఉంచాయి. డిగ్రీ, పి.జి. విద్యార్థినులకి కూడా తగిన నియమాలు చేయమని 2021 డిసెంబరులో యు.జి.సి. విశ్వవిద్యాలయాలకి లేఖ రాసింది. కేరళ 2023లో తన విశ్వవిద్యాలయాల్లో 60 రోజుల ప్రసూతి సెలవు తెచ్చింది. అదే ఏడాది ఒక ఎం.ఎడ్. విద్యార్థిని వేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు, స్త్రీని చదువా మాతృత్వమా తేల్చుకోమని బలవంతపెట్టకూడదంది. ఇవన్నీ స్త్రీలు పోరాడి తెచ్చుకున్నవే. అయితే సెలవు అంటే ఏమిటి? తల్లిని చదువు నుంచి కొంతకాలం బయటికి పంపడం. 240 రోజులు గడిచేసరికి బిడ్డకి ఎనిమిది నెలలు. ఎనిమిది నెలల బిడ్డ తనని తాను చూసుకోదు. సెలవు అయిపోయిన మర్నాడు ఉదయం ఏం చేయాలన్న దాని గురించి ఆ నిబంధనల్లో ఒక్క వాక్యం లేదు. ఆ మర్నాడే ఎంతోమంది చదువు ఆగిపోతుంది.

రాజ్యాంగంలోనూ ఇలాంటి ఖాళీయే ఉంది. అది మన ఆంధ్రప్రదేశ్ పేరుతో ఉన్న తీర్పుతో ముడిపడింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్లు నిండే దాకా చదువు ప్రాథమిక హక్కని చెప్పింది. కింది వయసు ఇంత అని గీత గీయలేదు. 2002లో 86వ సవరణ ఆ గీత గీసింది: ఆరు నుంచి పద్నాలుగు. ఆరేళ్ల లోపు పిల్లల్ని ఆదేశిక సూత్రాల్లోకి పంపి, రాజ్యం ‘ప్రయత్నించాలి’ అంది. 2009 విద్యాహక్కు చట్టంలో అది ఇంకా పలచబడి ‘చేయవచ్చు’ అయింది. పసిపిల్లల్ని హక్కు నుంచి తప్పించినప్పుడు వాళ్లతోపాటు తప్పిపోయినవాళ్లు ఇద్దరున్నారు. ఒకరు వాళ్లని ఎత్తుకుని ఉన్న తల్లి, ఇంకొకరు వాళ్లని వీపుకి కట్టుకుని ఉన్న అక్క. ఆ అక్కకి పదేళ్లు. విద్యాహక్కు చట్టం ఆమెకి నూటికి నూరుపాళ్లు వర్తిస్తుంది. కానీ ఆమె వీపు మీది బిడ్డకి చోటు చూపించకుండా ఆమెని బడిలో కూర్చోబెట్టడం ఎలాగో చట్టం చెప్పలేదు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది, దాన్ని దాటేయకూడదు. “క్రెష్ అంటే ఆదివాసీ పిల్లల్ని రాజ్యం చేతిలో పెట్టడమే కదా? ఆశ్రమ పాఠశాలలు చేసింది చాలదా?” అని మా వాళ్లే అడుగుతారు. న్యాయమైన భయమే. చిన్న తరగతుల్లోనే పిల్లల్ని ఇంటికి, భాషకి దూరం చేసి హాస్టళ్లలో పెట్టిన చరిత్ర మాది. అయితే ఒక విడ్డూరం చూడండి. ఎనిమిదేళ్ల పిల్లని నెలల తరబడి ఆశ్రమ పాఠశాలకి పంపేటప్పుడు తల్లీబిడ్డల అనుబంధం గురించి ఏ అధికారీ మాట్లాడడు. ఆ తల్లి రోజుకి ఆరు గంటలు కాలేజీకి వెళ్తానంటే మాత్రం అందరికీ ఆ అనుబంధం గుర్తొస్తుంది.

నేను అడుగుతున్నది ఆశ్రమ పాఠశాలకి చిన్నతమ్ముణ్ణి కాదు. అంగన్‌వాడీ అనే ఆలోచన ఎక్కడ పుట్టిందో గుర్తు చేసుకుందాం. తారాబాయి మోదక్ 1945లో బోర్డీలో పని మొదలుపెట్టి, అనుతాయి వాఘ్‌తో కలిసి 1957 నుంచి కోస్బాడ్ కొండ మీద వార్లీ ఆదివాసీ పిల్లల మధ్య పనిచేశారు. పిల్లలు బడికి రాకపోతే బడినే గూడెం ముంగిట్లోకి తీసుకువెళ్లారు. ముంగిలి అంటే అంగణం, అంగన్‌వాడీ అంటే అదే. తమ్ముణ్ణి ఎత్తుకుని వచ్చిన అక్క ఆ ముంగిట్లో కూర్చోవచ్చు, తమ్ముడు పక్కన ఆడుకోవచ్చు. ఆదివాసీ ముంగిట్లో పుట్టిన ఆ ఊహ దేశమంతా తిరిగి, ఇనప్పెట్టెలు, రిజిస్టర్లు, యాప్‌లు మోసుకుని మా దగ్గరికి తిరిగొచ్చింది. దారిలో మూడేళ్ల లోపు పిల్లల్ని, వాళ్లని మోసే అక్కల్ని మరిచిపోయింది. మన కిరండూల్ రైలు వెళ్లే ఛత్తీస్‌గఢ్‌లోనే గత దశాబ్దంలో ‘ఫుల్వారీ’ కేంద్రాలు నడిచాయి. ఆరు నెలల నుంచి మూడేళ్ల పిల్లల్ని గూడెంలోనే, గూడెం తల్లులే వంతులవారీగా చూసుకుని వండిపెట్టే ఏర్పాటు అది. బిడ్డ తన ఊళ్లో, తన భాషలో, తన తిండి తింటూ ఉండగానే తల్లికి పగలు దొరకడం ఊహాలోకపు సంగతి కాదు.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి, ఇది మనలాంటి చదువుకున్నవాళ్లకి. క్రెష్ కావాలనగానే అందులో పనిచేసే స్త్రీ గురించి కూడా మాట్లాడాలి. 2023 డిసెంబరు 12న మొదలుపెట్టి 42 రోజులు మన రాష్ట్రంలో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు సమ్మె చేశారు. అప్పటికి కార్యకర్తకి నెలకి 11,500 రూపాయలు, ఆయాకి 7,000. దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. ఉద్యోగి కాదు, స్వచ్ఛంద సేవకురాలు అంటారు. అదే మనుషులు సమ్మెకి దిగగానే అత్యవసర సేవలంటూ ఎస్మా ప్రయోగించారు. పని ఆపితే రాష్ట్రం ఆగిపోయేంత అత్యవసరం, జీతం అడిగితే సేవ! 2022లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలకి గ్రాట్యుటీ వర్తిస్తుందని చెప్పడంతో ఆ ‘గౌరవం’ ముసుగు కొంత చిరిగింది. పిల్లల్ని చూడటం ఆడవాళ్లకి పుట్టుకతో వచ్చిన గుణమని నమ్మే సమాజమే దానికి జీతం ఇవ్వనంటుంది. ఇంట్లో అక్కకి బడి పోతుంది, కేంద్రంలో ఆయాకి జీతం పోతుంది. రెండు చోట్లా దోపిడీ ఒకటే. ఆయా జీతం గురించి మాట్లాడకుండా నా పిహెచ్.డి. గురించి మాత్రమే మాట్లాడే స్త్రీవాదం నాకు అక్కర్లేదు.

మన సాహిత్యాన్నీ ఒక మాట అడగాలి. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లాలు తన పేరు మరిచిపోయి, సర్టిఫికెట్లలో అది దొరుకుతుందేమోనని పుట్టింటికి వెళ్తుంది. ఆ కథ మా తరానికి చేసిన మేలు చిన్నది కాదు. విమల ‘వంటిల్లు’ కూడా అంతే. వంటింటిని, పడకటింటిని, పేరుని, శరీరాన్ని మనం రాశాం. పేరు దొరికాక, సర్టిఫికెట్ చేతికొచ్చాక, పై చదువుకి దరఖాస్తు పెట్టాక, ఆ రోజు పిల్లలు ఎవరి దగ్గర ఉన్నారన్నది మాత్రం రాసింది తక్కువ. వీపున తమ్ముణ్ణి మోస్తూ బడి గుమ్మం బయట నిలబడ్డ పిల్ల మన కథల్లో అక్కడక్కడ కనిపిస్తుంది, పేదరికానికి బొమ్మగా. ఆమెని శ్రామికురాలిగా, ఇంకొకరి విద్యకి పెట్టుబడిగా చూడటం మనమింకా నేర్చుకోవాలి.

“డబ్బు ఎక్కడిది? ఇప్పుడున్న కాలేజీలకే గదులు లేవు” అనే మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరబోయినప్పుడు ఆడవాళ్లకి హాస్టల్ లేదని అడ్డు చెప్పారు. ఆమె తనలాగే చదవాలనుకుంటున్న అమ్మాయిల్ని కూడగట్టి హాస్టల్ సాధించుకున్నారు. తర్వాత కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు అధ్యక్షురాలిగా, మధ్యలో చదువు ఆగిపోయిన పెద్దవయసు స్త్రీల కోసం 1958లో సంక్షిప్త విద్యా కోర్సులు మొదలుపెట్టించారు. ఇవాళ ఏ విశ్వవిద్యాలయమైనా ఆడపిల్లల హాస్టల్ విలాసమని అనగలదా? అనలేదు. ఒకప్పుడు అన్నారు. క్రెష్ గురించి ఇప్పుడు అంటున్నారు. లైబ్రరీ లేని కాలేజీకి గుర్తింపు ఇవ్వం, మరుగుదొడ్డి లేని కాలేజీని తప్పుపడతాం. పిల్లల గది లేని కాలేజీ కూడా సగం కట్టిన కాలేజీయే.

2022లో కేంద్రం ‘పాల్నా’ పేరుతో అంగన్‌వాడీ క్రెష్‌లు ప్రకటించింది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలకి, తల్లి ఉద్యోగంలో ఉన్నా లేకపోయినా చోటు ఉంటుందని చెప్పింది. అంటే మనం అడిగేది ఇక కొత్త కోరిక కూడా కాదు. ప్రభుత్వం సొంత కాగితం మీద ఉన్నదాన్ని కాలేజీ గేటు దాకా, గూడెం ముంగిలి దాకా తీసుకురమ్మనడమే.

కాబట్టి స్పష్టంగా అడుగుదాం. ఏజెన్సీలోని ప్రతి డిగ్రీ, బి.ఎడ్., నర్సింగ్ కళాశాల ఆవరణలోనూ, ప్రతి విశ్వవిద్యాలయంలోనూ ఆరు నెలల బిడ్డ నుంచి చేర్చుకునే పిల్లల గది ఉండాలి. గుర్తింపు ఇచ్చేటప్పుడే దాన్ని షరతుగా పెట్టాలి. పరిశోధక విద్యార్థినుల హాస్టల్లో తల్లీబిడ్డలకి గదులుండాలి. గూడెంలో అంగన్‌వాడీ మూడేళ్ల లోపు పిల్లల్ని కూడా పగలంతా చూడాలి. అక్కడ పనిచేసేది ఆ గూడెం భాష మాట్లాడే స్త్రీ కావాలి, ఆమెకి గౌరవ వేతనం కాకుండా జీతం రావాలి. కాఫీ కోతల రోజుల్లో కేంద్రం వేళలు తోట వేళలతో కలవాలి. బిడ్డ జబ్బుపడిన రోజుని హాజరులో లెక్కించే నియమం తల్లికే కాదు, తండ్రి విద్యార్థి అయితే అతనికీ ఉండాలి. “బిడ్డని ఎవరి దగ్గర పెడతావు?” అని అడ్మిషన్ బల్ల దగ్గర అడిగితే ఇద్దర్నీ అడగాలి, లేదా ఎవర్నీ అడగకూడదు.

వచ్చే జూన్‌లో మా మండలంలో ఒక తల్లి డిగ్రీలో చేరుతుంది. అదే వారం ఒక పదేళ్ల పిల్ల అయిదో తరగతికి వెళ్లాలి. ఈ ఇద్దరిలో ఒకరే బడికి వెళ్లగలిగే ఏర్పాటుని సంప్రదాయమని పొగిడే హక్కు మనకి లేదు.